కుడిచేతి గ్లౌజు

జులైలో నేను ఆలియాతో చెప్పిన మాట నిజమే. ఆగస్టు సగానికి వచ్చేసరికి అదే మాట అబద్ధమైపోయింది. మధ్యలో నేను మాట మార్చలేదు, అంతే. మాట మార్చకపోవడం కూడా ఒక్కోసారి తప్పవుతుందని నలభై రెండేళ్ళు వచ్చాక తెలిసింది నాకు.

నేను లింగాల ఘనపూర్ దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. తోటి టీచర్లకు రజితను, పిల్లలకు పీఈటీ మేడంను, ఊళ్ళో ముసలివాళ్ళకు ‘ఈల మేడం’ను. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. ఇది రెండేళ్ళ కిందటి వానాకాలం సంగతి.

అంతకు నాలుగేళ్ళ ముందు ఆ బడిలో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు మొదలుపెట్టాను. బ్యాటు ఉన్నప్పుడు అది క్రికెట్టే కదా, మళ్ళీ బంతి కింది నుంచి విసరడమేంది అని ఊరంతా నవ్వింది. తొమ్మిది మంది కావాల్సిన ఆటకు మొదటి రోజు వచ్చింది ఐదుగురు. ఆ ఐదుగురిలో అందరికంటే చిన్నది మనీషా. అప్పుడు ఆరో తరగతి. బంతి విసిరే పిల్లను పిచ్చర్ అంటారని చెప్పి, చెయ్యి గుండ్రంగా తిప్పి నడుము కింది నుంచి ఎలా వదలాలో చూపించాను. ఇంటికి వెళ్ళి గోడ మీద బొగ్గుతో ఒక పెట్టె గీసుకుని రోజుకు వంద బంతులు విసిరింది. ఆ గోడకు అవతల వాళ్ళ బర్రెల కొట్టం. దడదడ చప్పుడుకు బర్రెలు బెదిరి పాలు తగ్గాయని ఇంట్లో గొడవైతే, వాళ్ళ నాయిన ఉపేందర్ ఒక్కటే మాట అన్నాడట. “తగ్గితె తగ్గనియ్. బర్రెలకంటె బిడ్డ ఎక్కువ గాదా?”

ఉపేందర్ అంతటితో ఆగలేదు. వాన పడితే మా బడి గ్రౌండులో మోకాటి లోతు నీళ్ళు నిలుస్తాయి. రోడ్డు పక్కన తనకున్న ఎకరం మెట్ట చెలక చూపించి, “ఈడ ఆడుకోండ్రి మేడం. ఇండ్ల పత్తి పెట్ట,” అన్నాడు. నాలుగు వానాకాలాలు పెట్టలేదు. చుట్టూ అందరి చేన్లలో పత్తి పూస్తుంటే ఆ ఎకరంలో మాత్రం మా పిల్లలు దుమ్ములో దొర్లేవారు. ఆ మనిషి ముందే, అదే చెలక గట్టు మీద నిలబడి మనీషాకు మాటిచ్చాను, పదో తరగతిలో జట్టుకు పిచ్చర్‌వి నువ్వే, స్టేటుకు పోయేది నువ్వే అని.

మనీషా పదో తరగతికి వచ్చింది. జులైలో ఆలియా వచ్చింది.

ఆలియా కంటే ముందు వాళ్ళ నాన్న అబ్దుల్ గనీ పరిచయమయ్యాడు. బండ్ల సీట్లు కుడతాడు. అంతకుముందు మహదేవపూర్‌లో ఉండేవాడు. కాళేశ్వరం పనులకు వచ్చిన టిప్పర్లకూ లారీలకూ సీట్లు కుట్టి కుట్టి చేతులు నొప్పి పుట్టేవట. పనులు అయిపోయి టిప్పర్లు వెళ్ళిపోయాక కుట్టు మిషన్నూ, తల్లి మహబూబ్‌బీనీ, బిడ్డనూ తీసుకుని ఇటు వచ్చి, చౌరస్తాలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆ నెలలోనే కోతులు నా స్కూటీ సీటును పీకి పాకం పెట్టాయి. అరగంటలో కొత్త తొడుగు వేసి, మీద చేత్తో చరిచి, “ఇగ కోతుల పండ్లు అరగాల్సిందే మేడం,” అన్నాడు. ఆయన మాట నిజం. రెండేళ్ళయినా ఆ సీటు మీద ఒక్క కుట్టు కదల్లేదు.

మర్నాడు బిడ్డను వెంటబెట్టుకుని చెలకకు వచ్చాడు. “మా ఆలియా మేడం. పదో తరగతి. మహదేవపూర్ బడిల ఏడాది ఆడింది. జర చూడుండ్రి.”

సన్నగా, పొడుగ్గా, స్కార్ఫ్ తలకు బిగించి కట్టుకుని ఉంది పిల్ల. బంతి ఇచ్చాను. ఎడమ చేతిలోకి తీసుకుంది. రెండడుగులు ముందుకు వేసి చెయ్యి తిప్పింది. బంతి వెళ్ళడం నేను సరిగా చూడలేదు, గ్లౌజులో పడిన చప్పుడు మాత్రం విన్నాను. బంతి పట్టిన తస్లీమా మా క్యాచర్, గట్టి పిల్ల. గ్లౌజు విప్పి అరచెయ్యి ఊదుకుంటూ, “ఏందే గిది! చెయ్యి మండుతుంది,” అని అరిచింది.

“ఎక్కడ నేర్చుకున్నవ్ బిడ్డా?” అని అడిగాను.

“గోదావరి ఒడ్డుకు మేడం. నీళ్ళ మీద బిళ్ళ రాళ్ళు ఏసేటోళ్ళం. ఎవరిది ఎక్కువ దుంకితె వాళ్ళది గెలుపు.” కొంచెం ఆగి, “నాదే ఎక్కువ దుంకేది,” అంది.

పక్కనే నిలబడి చూస్తున్న మనీషా చప్పట్లు కొట్టింది. “మస్తు ఏసినవ్,” అంది. మనస్ఫూర్తిగానే అంది. కాని ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కూడా ఒక్కతే గట్టుకేసి బంతులు విసురుతూ ఉండిపోయింది.

అసలు చిక్కు గ్లౌజుతో వచ్చింది. సాఫ్ట్‌బాల్‌లో విసిరే చెయ్యి ఖాళీగా ఉంచి, రెండో చేతికి గ్లౌజు తొడుక్కుని బంతి పట్టాలి. కుడిచేతి వాటం పిల్లలకు ఎడమ చేతికి గ్లౌజు. ఆలియాది ఎడమచేతి వాటం, దానికి కుడిచేతికి పట్టే గ్లౌజు కావాలి. మా దగ్గరున్న ఆరూ ఎడమ చేతివే. పిచ్చర్ బ్యాటుకు అందరికంటే దగ్గర నిలబడుతుంది, కొట్టిన బంతి సూటిగా మొహం మీదికే వస్తుంది. ఉత్త చేతులతో పిల్లను అక్కడ నిలబెట్టలేను.

“నీ చేతికి గ్లౌజు లేదు బిడ్డా. అప్పటిదాంక బ్యాటింగ్ చెయ్యి. వచ్చిననాడు చూద్దాం,” అన్నాను. ఇదే నేను మొదట చెప్పిన నిజం.

“జల్ది వస్తదా మేడం?” అని అడిగింది. “దాదీ ఈ ఒక్క ఏడాదే ఆడుమన్నది. స్టేటుకు పోతె స్పోర్ట్స్ హాస్టల్‌ల ఇంటర్ చదువొచ్చంట. లేకపోతె అబ్బాతోని మిషన్ మీద కూసునుడే.”

పంద్రాగస్టు మర్నాడు జిల్లా నుంచి ఆటసామాను పెట్టె వచ్చింది. అందరూ క్లాసుల్లో ఉన్నారు, స్టాఫ్ రూంలో నేనొక్కదాన్నే. రెండు బ్యాట్లు, డజను బంతులు, మూడు గ్లౌజులు. రెండు గ్లౌజులు తొడిగి చూశాను. మూడోది నా ఎడమ చేతికి పట్టలేదు, బొటనవేలు అటు పక్కకు ఉంది. కుడిచేతికి తొడిగాను. సరిగ్గా కూర్చుంది.

మొదట సంతోషించాను, అది అబద్ధం కాదు. ఆలియాను పిలుద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళాను కూడా. అక్కడి నుంచి ఉపేందర్ చెలక కనిపిస్తుంది. పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయని ఆయన వంగి పల్లేరు మొక్కలు పీకుతున్నాడు. జ్వరమొచ్చిందని ఆ రోజు బడికి రాని మనీషా భుజానికి తుండు చుట్టుకుని గట్టు మీద కూర్చుని నాయినను చూస్తోంది. జ్వరం కాదు, భుజం నొప్పి అని నాకు తెలుసు. పదిహేను రోజులుగా ఆ పిల్ల వందకు బదులు రెండు వందలు విసురుతోంది.

కిటికీ దగ్గర్నుంచి వెనక్కి వచ్చి కూర్చున్నాను. గ్లౌజును దాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువా అడుగున పాత ఖోఖో జెర్సీల కింద దాచాను. మహబూబాబాద్ టోర్నమెంటు అయ్యాక తీద్దాం, ఎంత, నెలన్నరే కదా అనుకున్నాను.

నాలుగేళ్ళు నన్ను నమ్ముకున్న పిల్లను నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కోసం పక్కన పెట్టలేనని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట తప్పని ఇప్పుడు కూడా అనను. కాని ఆ మాటే ఆలియా మొహం మీద చెప్పి ఉంటే అది కోచ్ తీసుకున్న నిర్ణయం అయ్యేది. పిల్ల ఏడ్చేది, నాతో కొట్లాడేది, వాళ్ళ నాన్న ఇంకో బడికి తీసుకెళ్ళేవాడు. నేను ఆ ధైర్యం చెయ్యలేదు. లేని గ్లౌజు మీద తోసేశాను.

సెప్టెంబర్ మొదటి వారంలో ఒక శనివారం అబ్దుల్ గనీ చౌరస్తాలో నా స్కూటీ ఆపాడు. “మేడం, ఒక పాత గ్లౌజు ఇస్తరా? సోమవారం తెచ్చిస్త.”

“ఎందుకు భాయ్?”

“ఏం లేదు, చూస్త.”

సోమవారం సాయంత్రం చెలకకు సంచీతో వచ్చాడు. ముందు మా పాత గ్లౌజు తీసి ఇచ్చాడు. తర్వాత ఇంకోటి తీశాడు. ముదురు ఆకుపచ్చ రెక్సిన్, టిప్పర్ సీట్లకు వేసేది. లోపల స్పంజి, చుట్టూ తెల్లటి నైలాన్ దారం. పాత గ్లౌజును కుట్టు కుట్టూ విప్పి, ఒక్కో ముక్కను న్యూస్ పేపర్ మీద గీసుకుని, కొత్తది కత్తిరించి, పాతదాన్ని మళ్ళీ ఎప్పటిలా కుట్టేశాడట. విప్పినట్టు ఆనవాలు కూడా లేదు.

“కాయితాలు బోర్ల ఏసిన మేడం. ఎడమది కుడి అయ్యింది. సీటు పనిల గంతే,” అని నవ్వాడు.

పిల్లలంతా కేకలు పెట్టారు. తస్లీమా గ్లౌజును ముద్దు పెట్టుకుంది. మనీషా దాన్ని ఆలియా చేతికి తొడిగి పట్టీ బిగించింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. సిగ్గేస్తోంది చెప్పడానికి, కాని చెప్పాలి. ఆ మనిషి మీద కోపం వచ్చింది. ఎందుకు ఊరుకోడు, ఎవరు కుట్టమన్నారు అనిపించింది.

పది బంతులు పట్టించి చూశాను. ఆరు ఆగాయి. నాలుగుసార్లు బొటనవేలు దగ్గర గ్లౌజు వెనక్కి వంగి బంతి జారిపోయింది.

“కొత్తది కదా మేడం, జర మెత్తబడితె ఆగుతది,” అన్నాడు అబ్దుల్ గనీ.

“అది కాదు భాయ్, టోర్నమెంటుల అంపైర్లు ఇది ఒప్పుకోరు. కంపెనీదే ఉండాలె,” అన్నాను. నేను ఎవరినీ అడగలేదు.

ఆలియా గ్లౌజు విప్పకుండానే అంది, “ఒక్కసారి అడిగి చూద్దామా మేడం?”

“అడిగిన,” అన్నాను.

అబ్దుల్ గనీ మొహంలో అనుమానం రాలేదు. వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. “మీకు తెలుస్తది మేడం,” అని సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

సెప్టెంబర్ చివర్లో మహబూబాబాద్‌లో టోర్నమెంటు. పాత వరంగల్ జిల్లా బడులన్నీ వస్తాయి, అక్కడి ఆట చూసే స్టేట్ జట్టుకు పిల్లలను ఎంపిక చేస్తారు. పొద్దున్నే జనగామ స్టేషన్లో రైలెక్కుతుంటే అబ్దుల్ గనీ రెండు పెద్ద స్టీలు డబ్బాలతో పరుగెత్తుకొచ్చాడు. మహబూబ్‌బీ పదహారు మంది పిల్లలకూ బగారా అన్నం వండి పంపింది. “మేడంకు వేరుగ పెట్టింది అమ్మ, కారం తక్కువ,” అని ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టాడు. అది తిన్నాను. చాలా బాగుంది కూడా.

ఆలియాను జట్టులోకి తీసుకున్నాను, బ్యాటింగ్ మాత్రమే చేసే చోట. ఆకుపచ్చ గ్లౌజు తెచ్చుకుంది. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఒళ్ళో పెట్టుకునేది. మొదటి రెండు మ్యాచులు గెలిచాం. రెండో రోజు ఫైనల్ భూపాలపల్లి జట్టుతో. ఆ జట్టులో సగం మంది చెల్పూర్ కరెంటు ప్లాంటు కాలనీ పిల్లలు. తిండి పుష్టి ఉన్న పిల్లలు, కొడితే బంతి కంచె దాటేది. షామియానా కింద సెలెక్టర్లు ముగ్గురు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు.

సగం ఆటకు మేం మూడు పరుగులు, వాళ్ళు ఒకటి. అక్కడ మనీషా చెయ్యి పడిపోయింది. గురి తప్పిన బంతులు నాలుగు పడితే బ్యాటు పట్టిన పిల్ల ఊరికే నడిచి బేస్‌కు వెళ్తుంది. వరసగా ముగ్గురు అలా నడిచారు. మూడు బేసులూ నిండిపోయాయి, ఇంకొకరు నడిస్తే వాళ్ళకు ఊరికే పరుగు. ఆట ఆపించి నేను మనీషా దగ్గరికి వెళ్ళాను.

“నా చెయ్యి లేస్తలేదు మేడం,” అంది. చెమటతో మొహమంతా తడిసిపోయింది. “ఆలియాను దింపుండ్రి. ఆలియా ఏస్తె వీళ్ళు బంతిని ముట్టనన్న ముట్టరు.”

“గ్లౌజు లేదు కదనే.”

“పచ్చది ఉన్నది కదా.”

“అంపైర్లు...”

“పొద్దుగాల నేను అంపైర్ సార్‌ను అడిగిన మేడం,” అంది మనీషా. “పిల్లల ఆటకు ఏ గ్లౌజైతేంది అన్నడు.”

ఎదురుగా నిలబడి నా కళ్ళలోకి చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, నేను ఏదో ఒకటి చెప్తానని ఎదురుచూస్తోంది అంతే. వెనక బెంచీ మీద ఆలియా అప్పటికే లేచి నిలబడి ఉంది.

ఆ ఒక్క నిమిషంలో నేను మనీషా గురించి ఆలోచించలేదు. ఉపేందర్ గురించీ ఆలోచించలేదు. ఆలియా దిగి ఆ ముగ్గురినీ అక్కడే ఆపేస్తే, ఇన్ని రోజులూ దీన్ని ఎందుకు కూర్చోబెట్టావని అందరూ అడుగుతారు, బీరువా దాకా వస్తుంది అనుకున్నాను. నాలుగేళ్ళ విశ్వాసమని ఇన్నాళ్ళూ నేను పేరు పెట్టుకున్నది నా పరువు మాత్రమే.

“నువ్వే వెయ్యి. ఇన్నేండ్ల సంది నిన్నే నమ్ముకున్న,” అన్నాను.

మనీషా తల కిందికి దించింది. “సరే మేడం,” అంది.

ఏడు, మూడు తేడాతో ఓడిపోయాం. సాయంత్రం స్టేట్ జట్టు పేర్లు చదివారు. మా దాంట్లోంచి తస్లీమా ఒక్కతే. పిచ్చర్లు ఇద్దరూ వేరే జట్ల వాళ్ళు. తిరుగు రైల్లో ఆలియా మనీషా పక్కనే కూర్చుని, దాని భుజం మీద ఐసు ముక్కలు చుట్టిన తుండు పట్టుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అంపైర్ మాట మనీషా చెప్పలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే జనగామలో దిగాక ఆలియా నాకు ఎప్పటిలాగే దండం పెట్టింది. మనీషా పెట్టలేదు.

బతుకమ్మ సెలవులు అయి బడి తెరిచాక ఆలియా క్లాసుకు వచ్చేది కాని గ్రౌండుకు రాలేదు. పిలవడానికి నాకు మొహం లేదు. ఉపేందర్ ఒకరోజు కలిసి, వచ్చే ఏడు చెలకలో పత్తి పెట్టుకుంటానన్నాడు. “మా మనీషా ఆట అయిపాయె కదా మేడం,” అన్నాడు. నిష్ఠూరంగా కాదు, లెక్క ప్రకారం అన్నాడు. ఇప్పుడు మనీషా హనుమకొండలో చదువుతోంది. ఆలియా జనగామలో ఇంటర్, సాయంత్రాలు మిషన్ మీద. నేను స్కూటీ మీద అటు వెళ్ళినప్పుడల్లా లేచి నిలబడి నమస్తే పెడుతుంది. ఆ గ్లౌజు ఇప్పుడైనా ఇవ్వొచ్చు కదా అంటే, ఏమని చెప్పి ఇవ్వాలి?

ఆ ఏడు బతుకమ్మ సెలవులయ్యాక వారానికి అబ్దుల్ గనీ తనంతట తనే బడికి వచ్చాడు. చేతిలో సూదులు, దారం కండె.

“గ్లౌజుల తాళ్ళు తెగినయంట కదా మేడం, ఆలియా చెప్పింది. కుట్టి పోత.”

వద్దంటే బాగుండదు. బీరువా తెరిచి పై అరలోంచి ఒక్కొక్కటే తీసి ఇస్తున్నాను. హెడ్‌మాస్టర్ ఏదో సంతకానికి పిలిస్తే పక్క గదిలోకి వెళ్ళాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన బీరువా ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. తెగిన తాళ్ళ గ్లౌజు ఇంకేమైనా ఉందేమోనని కింది అరలో చూశాడేమో, ఖోఖో జెర్సీలు పక్కకు జరిపి ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్ మోకాలి మీద ఉంది. గ్లౌజు ఆయన కుడిచేతికి ఉంది. కంపెనీ అట్టముక్క ఇంకా దానికి వేలాడుతోంది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన తల ఎత్తలేదు. గ్లౌజును మూసి తెరిచి చూశాడు. బొటనవేలు దగ్గర రెండో చేతి వేళ్ళతో ఒత్తి ఒత్తి చూశాడు, సీటు అంచు చూసుకున్నట్టు.

“ఈడ రెండు పొరలు ఏసిండ్రు,” అన్నాడు. “నడుమల గట్టి తోలు పెట్టిండ్రు. నేను ఒక్క పొరనే ఏసిన మేడం. గందుకే బంతి జారింది.”

“భాయ్...” అన్నాను.

“నాదే తప్పు,” అన్నాడు.

గ్లౌజు విప్పి, అట్టముక్క మడత పడకుండా కవర్లో పెట్టి, ఉన్నచోటే పెట్టి, మీద జెర్సీలు సర్దాడు. తర్వాత కిటికీ వెలుతురుకు జరిగి, తెగిన గ్లౌజులు ఆరూ వరసగా కుట్టాడు. ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా నేను కుర్చీలో కూర్చుని హాజరు పట్టీ తిప్పుతూ ఉన్నాను. దారం పళ్ళతో కొరికి, సూదులు చొక్కా జేబుకు గుచ్చుకుని లేచాడు.

“ఆలియాకు నేను చెప్ప మేడం,” అన్నాడు గుమ్మం దగ్గర. “మీరంటె దానికి మస్తు ఇజ్జత్. ఉండనీయుండ్రి.”

దాచొద్దు భాయ్, నేనే వచ్చి చెప్తాను అని అనాల్సింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

“థాంక్స్ భాయ్,” అన్నాను.